తపసిచెట్టు ముందు కుర్చీ

ప్రమాణం

ఇందులో ప్రతి మాటా నిజం. పెరట్లో తులసికోట మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. ఎడంచెయ్యి కాదు, కుడిచెయ్యే. వంటింటి కిటికీలోంచి మా ఆవిడ చూస్తోంది కూడాను. అయినా నన్ను ఎరిగినవాళ్ళు నమ్మరు. కామేశ్వర్రావు చెప్పినదాంట్లో సగం తీసేసి వినాలని మా నాంపల్లి తోటలో ఒక అలవాటు ఉండేది. ఈసారి మాత్రం మొత్తం వినండి.

యాభై ఐదేళ్ళు నిండాయని సర్కారువారు మెడలో దండ వేసి ఇంటికి పంపేశారు. నా మీసం ఇంకా సగం నల్లగానే ఉంది, నోరు పూర్తిగా పనిచేస్తోంది. కొత్తగా తోటల శాఖలో చేరినవాళ్ళు ఆదివారాలు మా ఇంటికొచ్చి అనుభవాలు చెప్పమంటారు. చెబితే నవ్వి, కాఫీ తాగి, వెళ్ళిపోతారు. కాగితం మీద ఉంటే కాస్త బరువుంటుందని రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదాకి పాకానో, ఏ ఫైలు ఏ బల్లమీద ఆగిందో రాయను. అవి నాకే గుర్తులేవు.

ఆ ఉద్యోగం అసలు ఏమిటి

మాది కోనసీమ. రాష్ట్రం ఒకటైన ఏడాది ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, ఒక ఊరగాయ జాడీతో నాంపల్లి స్టేషన్లో దిగాను. అక్కడికి కాస్త దూరంలోనే సర్కారు తోట. పళ్ళతోట కాదు, పూలతోట కూడా కాదు. రకానికి ఒకటో రెండో చొప్పున ఎక్కడెక్కడి చెట్లో తెచ్చి నాటి, జనం చూడ్డానికి పెంచే తోట. దానికి నేను ఓవర్సీయరుని.

చేరిన మొదటి చలికాలమే నాకు చెమటలు పట్టించింది. మావైపు కొబ్బరికి చలికాలం సంగతి తెలీదు. మామిడికి తెలిసినా పైకి చెప్పదు. ఆకులు రాల్చే చెట్లు అక్కడా ఉంటాయి కాని, చుట్టూ ఉన్న పచ్చదనంలో కలిసిపోయి కంటబడవు. ఇక్కడ మార్గశిరం వచ్చేసరికి పొడిగాలి మొదలైంది. ఒక చెట్టు తర్వాత ఒక చెట్టు ఆకులు దులిపేసుకుని నిలబడుతోంది. నేను చేరిన వేళావిశేషం బాగాలేక తోటంతా చచ్చిపోతోందనుకున్నాను. రోజూ చాటుగా వెళ్ళి కొమ్మల్ని గోటితో గీరి, లోపల పచ్చగా ఉందని తెలిశాక అన్నం తినేవాణ్ణి.

ఆ భయం పోయాక కుతూహలం మొదలైంది. చలికాలంలో తోట చూడ్డం వేరే విద్య. వానాకాలంలో ఆకులు చూసి సరిపెట్టుకుంటాం. ఆకులు పోయాక చెట్టు ఎలా పెరిగిందో, ఎక్కడ వంగిందో, ఏ గాలికి ఏ కొమ్మ పోగొట్టుకుందో అన్నీ బయటపడతాయి. బూరుగు ఒంటినిండా ముళ్ళు కనబడతాయి. వానాకాలమంతా గద్ద ఎక్కడ కాపరం పెట్టిందో అప్పుడు తెలుస్తుంది. బాదం ఆకులు రాలేముందు ఎర్రబడి, ఎండ పడితే గాజుపెంకుల్లా మెరుస్తాయి. ఆకాశమల్లె కింద తెల్లవారేసరికి పరుపు పరిచినట్టుంటుంది. ఆ వాసన కోసం అబిడ్స్ నుంచి జనం నడిచి వచ్చేవారు.

పగటిపూట గన్‌ఫౌండ్రీ బ్యాంకుల్లో పనిచేసే గుమాస్తాలు టిఫిను డబ్బాలు పట్టుకొచ్చి ఎండలో కూర్చునేవారు. చేతులు కడుక్కుని తోట చుట్టూ ఒక తిరుగుడు తిరిగి నన్ను పట్టుకునేవారు. "ఇదేం చెట్టండీ? ఎందుకిలా అయిపోయింది? మళ్ళీ చిగురిస్తుందా?" అదీ నా అసలు ఉద్యోగం. నీళ్ళు పెట్టేవాళ్ళు, కొమ్మలు కత్తిరించేవాళ్ళు వేరే ఉన్నారు. అడిగినవాళ్ళకి జవాబు చెప్పేవాణ్ణి నేను ఒక్కణ్ణే.

తెలిసిందైతే తెలిసినట్టే చెప్పేవాణ్ణి. తెలియనప్పుడు తెలియదనడానికి నోరు వచ్చేది కాదు. దిరిసెన కాయలు ఎండి గాలికి గలగలమంటుంటే ఒక బ్యాంకు గుమాస్తా అదేం చప్పుడన్నాడు. "ఇది మాట్లాడే చెట్టండీ. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి ఉర్దూ బాగా వచ్చు. మనం వచ్చాక తెలుగు నేర్చుకుంటోంది," అన్నాను. ఆయన చెయ్యి చెవికి ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాడు. మర్నాడు పెళ్ళాంబిడ్డల్ని తీసుకొచ్చాడు. అబద్ధం వల్ల అయితేనేం, ఆ ఇంటిల్లిపాదీ దిరిసెన చెట్టు చప్పుడు విన్నారు. వినకుండా దాని పక్కనుంచి వెళ్ళిపోయినవాళ్ళు వేలమంది.

తెల్లచెట్టు

తోట గేటు దాటగానే ఎదురుగా ఒక తపసిచెట్టు ఉండేది. గుట్టల మీద రాళ్ళ సందుల్లో పెరిగే జాతి. దాన్నుంచి జిగురు తీస్తారు. మా తోటలోకి ఎవరు తెచ్చారో, అంత మంచి చోటు ఎందుకిచ్చారో ఎవరికీ తెలీదు. వానాకాలంలో అరచెయ్యంత పెద్ద ఆకులతో అన్ని చెట్లలాగే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. చలికాలం రాగానే అన్నిటికన్నా ముందు ఒక్క ఆకు మిగలకుండా రాల్చేసి, అడుగునుంచి చివరిదాకా తెల్లగా నిలబడుతుంది. సున్నం తెలుపు కాదు, చర్మం తెలుపు. కొమ్మ మొదలయ్యే చోట మోచెయ్యి మడిచినట్టు ముడతలు కూడా ఉంటాయి.

మా జమేదారు మల్లయ్యకి ఆ చెట్టంటే భయం. మెదక్ వైపు పల్లెనుంచి కరువు తరిమితే పట్నం వచ్చినవాడు. ఎద్దంత బలం. పని దగ్గర ఎవరినీ లెక్కచేసేవాడు కాదు. ఆ చెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారి మార్చుకునేవాడు.

"ఏంది సారూ అది, మనిషి లెక్క నిలవడ్డది. సూస్తుంటే ఎనక నుంచి పిలుస్తదేమో అనిపిస్తది."

"పిలిస్తే పలుకు మల్లయ్యా. మనం సర్కారు నౌకర్లం, ఎవరు పిలిచినా పలకాలి."

"మీకేంది సారూ, మీరు అయిదింటికి ఇంటికి వోతరు. నా గుడిసె దాని పక్కనే ఉండె."

వాళ్ళావిడ ఎల్లమ్మ తోటలో ఆకులు ఊడ్చేది. మొగుడి భయం ఆమెకి రోజూ దొరికే వేడుక. "గా చెట్టు పిలుస్తదో లేదో గని, నేను పిలిస్తె మాత్రం వలకడు," అనేది నాతో, అతనికి వినబడేలా.

తెల్లవారకముందే ఆమె ఆకాశమల్లె పూలు తప్ప తోటంతా ఊడ్చేసేది. ఊడ్చిన చెత్త గేటు పక్కన కుప్పపోసి మంట పెట్టేది. పనివాళ్ళందరూ ఆ మంట చుట్టూ మూగి చేతులు కాచుకుని, బీడీలు ముట్టించుకుని అప్పుడు పనిలోకి దిగేవారు. చలి ఎక్కువైతే నేనూ వెళ్ళి నిలబడేవాణ్ణి. హోదా చూసుకుంటే చేతులు వెచ్చబడవు కదా.

వెంకటరత్నంగారు

నా సర్వీసులో చాలామంది పైవాళ్ళని చూశాను. వాళ్ళలో ఎక్కువమంది చెట్టునీ కుర్చీనీ ఒకేలా చూసేవారు, రెండూ కట్టెలే అన్నట్టు. వెంకటరత్నంగారు అలాంటివారు కాదు. కాకినాడ మనిషి. సూపరింటెండెంటుగా కార్తీకమాసంలో వచ్చారు. అబిడ్స్‌లో ఒక లాడ్జిలో దిగి, పొద్దున్నే ఇరానీ హోటల్లో చాయ్ తాగి, తోటకి నడిచి వచ్చేవారు. లంచం తీసుకోరు. సిఫార్సు వినరు. ఎవరినీ ఏకవచనంతో తిట్టరు. ఆయన్లో ఉన్న చిక్కల్లా ఒకటే, తన కళ్ళు చూసింది తప్ప ఇంకేదీ నమ్మరు. మంచి అధికారికి ఉండాల్సిన గుణమే అది. కాని చెట్ల దగ్గర దానికి కనీసం ఒక ఏడాది పడుతుంది. ఆయనకి అంత ఓపిక లేదు.

గేటులోకి వచ్చిన మొదటి రోజే తపసిచెట్టు దగ్గర ఆగిపోయారు.

"ఇది చచ్చిపోయి ఎన్నాళ్ళయిందండీ?"

"బతికే ఉందండీ. చలికాలం ఆకు రాలుస్తుంది. తొలకరికి మళ్ళీ వేస్తుంది."

"మీరు చూశారా?"

"ప్రతి ఏడూ చూస్తున్నానండీ."

"నేను చూసినప్పుడు దీనికి ఆకు లేదు. నేను చూడనప్పుడు ఉంటుందని మీరంటారు. మా ఊళ్ళో ఒకాయన తన పొలంలో బంగారం ఉందని ఇలాగే చెప్పేవాడు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయన నవ్వలేదు. "సరే, బతికే ఉందనుకుందాం. ఏడాదిలో సగం రోజులు శవంలా నిలబడే చెట్టు గేటు ఎదురుగా ఎందుకు? వచ్చేవాళ్ళకి మొదట కనబడేది ఇదే. అక్కడ నరమామిడి వేయండి. ఎప్పుడు చూసినా పచ్చగా ఉంటుంది," అన్నారు.

మా తోటలో ఒక పద్ధతి ఉండేది. కార్తీకంలో తోటంతా తిరిగి, చచ్చిన చెట్లని ఏరి, మొదలు చుట్టూ జాజుతో గీత గీసేవాళ్ళం. జాజు అంటే పల్లెల్లో గోడల అడుగున పూసే ఎర్రమట్టే. బేగంబజార్లో కొనుక్కొచ్చి, వానకీ మంచుకీ పోకుండా అవిసెనూనెలో కలిపి మల్లయ్య పూసేవాడు. పుష్యమాసంలో ఉస్మాన్‌గంజ్ నుంచి కట్టెల అడితి వాళ్ళు వచ్చి, గీత ఉన్నవన్నీ నరికి బండ్లలో వేసుకుపోయేవారు. గీత ఉంటే నరకాలి, లేకపోతే ముట్టుకోకూడదు. రంపం పట్టుకున్నవాడు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆ పద్ధతి ఎవరు పెట్టారోగాని, తెలివైనవాడే.

ఆ ఏడాది తపసిచెట్టుకి కూడా గీత పడింది. తెల్లటి ఒంటి మీద ఎర్రటి పట్టీ దూరం నుంచి కనబడేది. అది పూసిన రోజు మల్లయ్య గుడిసె ముందు హాయిగా కూర్చుని పాట కూడా పాడాడు.

గీత మాయం

మూడు నాలుగు వారాలు గడిచాక వెంకటరత్నంగారు నన్ను పిలిపించారు. "తపసిచెట్టు మీద గీత ఏదండీ?"

వెళ్ళి చూశాను. మిగతా చెట్ల మీద గీతలు పూసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. తపసిచెట్టు మీద మాత్రం అక్కడో మచ్చ ఇక్కడో మచ్చ. మిగతా ఒళ్ళంతా ఎవరో స్నానం చేయించినట్టు శుభ్రంగా ఉంది.

ఆయన దగ్గరుండి మళ్ళీ పూయించారు. ఈసారి రెండు పూతలు, రెండింతల వెడల్పు. పుష్యం మొదట్లో చూస్తే అదీ సగానికి పైగా మాయం. కింద నేల చూస్తే అద్దంలా ఉంది. ఒక్క రంగు చుక్క లేదు.

తోటలో ఇక ఎవరి సిద్ధాంతం వాళ్ళది. ఉడతలు గీకాయన్నారు కొందరు. నూనెకోసం చీమలు తినేశాయన్నాడు వాచ్‌మన్. అడితివాళ్ళంటే గిట్టనివాళ్ళు చేశారని ఇంకొకరు. నాకు మాత్రం చెట్టు మీదే అనుమానం. దాని పైపొర కాగితంలా పల్చగా ఉండి అక్కడక్కడ లేచి ఉండడం చూశాను. అది ఊడి పడితే రంగు కూడా దాంతోనే పోవాలి. కాని ఊడిన పొర ఎక్కడ? ఎన్నిసార్లు వెతికినా కింద ఏమీ లేదు. ఆ కుతూహలంతో నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

వెంకటరత్నంగారికి అనుమానం మనిషి మీద. జాజు ఉండేది మల్లయ్య దగ్గర. కుంచె ఉండేది మల్లయ్య దగ్గర. గుడిసె చెట్టు పక్కన. అంతకన్నా ఇంకేం కావాలి? మల్లయ్యని పిలిచి, నెమ్మదిగానే చెప్పారు.

"సోమవారం అడితివాళ్ళు వస్తారు. ఆ లోపు ఎవరు తుడుస్తున్నారో తేలాలి. తేలకపోతే నీ పేరు తీసేస్తాను. గుడిసె ఖాళీ చెయ్యాలి."

మల్లయ్య అప్పటికి ఏళ్ళ తరబడి రోజుకూలి మీదే ఉన్నాడు. అతన్ని పర్మనెంటు చేసే కాగితం ఆ నెలలోనే వెంకటరత్నంగారి సంతకానికి వచ్చింది. పేరు తీసేస్తే ఉద్యోగమూ పోతుంది, తలదాచుకునే చోటూ పోతుంది. వెనక్కి వెళ్దామంటే ఊళ్ళో భూమి లేదు.

సాయంత్రం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నా గది ముందు నిలబడ్డారు.

"నేనెందుకు తుడుస్త సారూ," అన్నాడు మల్లయ్య. "దాన్ని నరుకుతరంటే పీడ వోతదని మొక్కుకున్న. గిప్పుడు నేనే దాన్ని కాపాడుతున్ననంట. గిదెక్కడి న్యాయం?"

ఎల్లమ్మ కొంగు నడుముకి దోపుకుంది. "గింత ధైర్నం ఉన్నోడైతె నాకీ తిప్పలెందుకు సారూ. చీకటి వడ్డంక చెంబు వట్కొని బయటికి వోవాల్నన్నా నన్ను తోడు రమ్మంటడు. గీనె వొయి గా చెట్టును కడుగుతడా? మీరన్న జెప్పున్రి జర పెద్దసార్‌కు."

చెప్పాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, "ఆ గీత చెట్టే ఊడగొట్టుకుంటోందని నా అనుమానమండీ," అన్నాను.

వెంకటరత్నంగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "కామేశ్వర్రావుగారూ, దిరిసెన చెట్టు ఉర్దూ మాట్లాడుతుందని చెప్పింది మీరేనా?"

"అది... సందర్శకులకండీ."

"ఆ గుమాస్తా నా లాడ్జిలో పక్కగదిలోనే ఉంటాడు. పెళ్ళాంపిల్లలు ఊరెళ్ళారట, రోజూ నాకు చెబుతాడు. ఇప్పుడు తపసిచెట్టు స్నానం కూడా చేస్తుందంటారు. రేపు సబ్బు కావాలని ఇండెంటు పెడతారు."

జీవితంలో మొదటిసారి అచ్చంగా నిజం చెప్పిన రోజున దాన్ని ఎవరూ తీసుకోలేదు. కొత్తగా చేరేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. సందర్శకులతో ఏ కబుర్లైనా చెప్పుకోండి. మీ పైవాడు ఉండే లాడ్జి ఏదో ముందు కనుక్కోండి.

కుర్చీ

ఆ శనివారం ఉదయం వెంకటరత్నంగారు ఆఫీసులోకి రాలేదు. తన కుర్చీ బయటికి తెప్పించి తపసిచెట్టు ముందు వేయించుకున్నారు. మఫ్లరు, ఫ్లాస్కు, మడిచిన గొడుగు. "ఇవాళంతా ఇక్కడే కూర్చుంటాను. ఎవడొచ్చి తుడుస్తాడో చూస్తాను," అన్నారు.

తోట మొత్తం గుసగుసలాడింది. గుమాస్తాలు డబ్బాలు పట్టుకుని వచ్చి, ఆయన్ని చూసి, ఆ పక్కకే పోకుండా ఇంకో మూలకి పోయారు. మల్లయ్య గుడిసె గడపలో కూర్చుని ఆయన్నీ చెట్టునీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ ఇద్దరిలో ఎవరంటే ఎక్కువ భయమో నాకు తెలియలేదు. నేను ఆకాశమల్లె మొదలు చాటున నిలబడి చూస్తున్నాను.

మధ్యాహ్నం దాకా ఏమీ కాలేదు. ఆయన గడియారం చూసుకున్నారు. ఫ్లాస్కులో ఉన్నది తాగేశారు. అప్పుడు పొడిగాలి ఒకటి లేచింది. దిరిసెన కాయలన్నీ గలగలమన్నాయి. అదే గాలికి తపసిచెట్టు మీద ఎర్రటి పట్టీ అంచు చిన్నగా లేచింది, ఎవరో గోటితో లేపినట్టు. ఒక పెచ్చు ఊడింది. ఉల్లిపొరంత పల్చగా, అరచెయ్యంత, ఒక పక్క తెలుపు, ఇంకోపక్క జాజు ఎరుపు. గాలిలో రెండు గిరికీలు కొట్టి నేరుగా వెంకటరత్నంగారి ఒళ్ళో పడింది.

ఆయన దాన్ని తీసుకుని, ఎండకి పట్టి చూశారు. లేచి చెట్టు దగ్గరికి వెళ్ళి, పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి చూశారు. కింద కొత్త చర్మం, నున్నగా, లేతగా. "ఎల్లమ్మా," అని కేకేశారు.

ఆమె చీపురుతోనే వచ్చింది.

"ఇలాంటివి ఎప్పుడైనా చూశావా?"

"దినాం జూస్తున్న సారూ. కుప్పలు కుప్పలు రాలుతయ్. పొద్దుగాల్నే ఊడ్చి మంటేస్త."

"ఎర్రగా ఉన్నవి కూడా?"

"ఎర్రగుంటె ఎర్రగుంటయ్. చెత్తకు రంగు సూస్తర సారూ ఎవలన్నా?"

మా అనుమానాలకి జవాబు రోజూ తెల్లవారకముందే మంటలో పడుతోంది. మేమంతా దాని చుట్టూ నిలబడి చేతులు కాచుకుంటున్నాం. ఊడ్చిన ఆమెకి ఇలాంటి గొడవ ఒకటుందని తట్టలేదు, గొడవపడుతున్న మాకు ఊడ్చిన చెత్త గుర్తుకు రాలేదు.

వెంకటరత్నంగారు ఆ పెచ్చుని జేబురుమాల్లో చుట్టి పెట్టుకున్నారు. మల్లయ్యని పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. సంతకం ఆ సాయంత్రమే పెట్టారు. సోమవారం అడితివాళ్ళు వచ్చి, గీత లేని తపసిచెట్టుని ముట్టుకోకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ చలికాలం రాగానే కుర్చీ బయటికి వచ్చేది. ఊరినుంచి ఎవరైనా చుట్టాలొస్తే ముందు ఆ చెట్టు దగ్గరికే తీసుకొచ్చేవారు.

కొత్తగా చేరేవాళ్ళకి

నా ఉద్యోగంలో నేర్చుకున్నదాంట్లో పనికొచ్చేవి కొన్నే. మీ ఊరి పంచాంగం వేరే ఊరి చెట్ల మీద పెట్టకండి. ఒక చెట్టు సంగతి చెప్పేముందు దాన్ని అన్ని కాలాల్లోనూ చూడండి. ఒక చలికాలం చూసినవాడికి చెట్టుకి చలి చేసిందని మాత్రమే తెలుస్తుంది. ఊడ్చే ముందు కింద ఏం పడిందో వంగి చూడండి, నడుము పట్టేసినా సరే. పైవాళ్ళు మొండివాళ్ళని భయపడకండి. వంకరవాళ్ళతోనే కష్టం. మొండివాడు చూపిస్తే చూస్తాడు.

మల్లయ్య పర్మనెంటు అయ్యాక కూడా ఆ చెట్టుకి భయపడడం మానలేదు. "ఒళ్ళు తోలు తనే వొల్చుకునే చెట్టు, గిది ఇంకెంత దయ్యం సారూ," అనేవాడు. అతని దృష్టిలో నా రుజువు వల్ల విషయం ఇంకా చెడింది.

ఒప్పుకోలు

ఇక్కడికి వచ్చేసరికి మా ఆవిడ పెరట్లోకి వచ్చి నిలబడింది. తులసికోట మీద నా చెయ్యి ఇంకా అలాగే ఉంది. కాబట్టి ఒక్కటి ఒప్పుకోవాలి.

ఆ శనివారం పెచ్చు రాలలేదు.

గాలే లేదు ఆ రోజు. ఎల్లమ్మ చెప్పిన మాట నిజమే, కాని నాతో చెప్పింది, అదీ మరుసటి ఏడాది చలికాలంలో. చెట్టు కింద కొన్నాళ్ళు ఊడవొద్దని ఆమెని బతిమాలి, నేనే జాజు పూసి, రోజూ వంగి చూస్తే ఎర్ర పెచ్చులు ఒక్కొక్కటే దొరికాయి. గీత చెట్టే ఊడగొట్టుకుందని అప్పుడు తేలింది. ఆ శనివారం నాటికి నా దగ్గర ఏ రుజువూ లేదు.

ఆ రోజు జరిగింది ఇది. వెంకటరత్నంగారు పొద్దున్న వచ్చి కూర్చున్నారు. ఎవరూ రాలేదు, ఏదీ పడలేదు. దొంగకోసం ఎంతసేపు చూస్తారు? చూడ్డానికి ఎదురుగా చెట్టొక్కటే ఉంది. కాసేపటికి కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నారు. పైకి చూస్తే కొమ్మల చివర పసుపుపచ్చగా చిన్నచిన్న పూగుత్తులు, వాటి చుట్టూ తేనెటీగలు. చచ్చిన చెట్టు దగ్గర వాటికేం పని అనుకున్నారో ఏమో, మెడ పట్టేసేదాకా అలాగే చూశారు. తేనెపిట్ట ఒకటి వచ్చి తలకిందులుగా వేలాడి వెళ్ళింది. మధ్యాహ్నం ఎండ సూటిగా పడినప్పుడు కుర్చీ అటువైపు జరుపుకున్నారు. పొద్దు వాలాక ఇటువైపు. అన్నానికి లేవలేదు. నేను కాఫీ పట్టుకెళ్తే పక్కన పెట్టమని చెయ్యి ఊపారు, చల్లారిపోయింది.

చీకటిపడే వేళకి నేనే వెళ్ళాను. "ఎవరూ రాలేదాండీ?"

"ఎవరు?" అన్నారు. నిజంగానే మర్చిపోయారు.

తర్వాత అన్నారు: "పొద్దున్న తెల్లగా ఉందండీ. మధ్యాహ్నం లోపలినుంచి లేతాకుపచ్చ కనబడింది. ఇందాక ఎండ పోయేముందు అచ్చం గులాబీరంగు. రేపు ఎలా ఉంటుందో చూడాలి. దీన్ని కొట్టొద్దని అడితివాళ్ళకి చెప్పండి."

"మరి మల్లయ్య సంగతి?"

"కొట్టని చెట్టుకి గీతెందుకు? గీతే లేనప్పుడు తుడిచినవాడెవడు?" అని కుర్చీ తానే ఎత్తుకుని లోపలికి నడిచారు. మల్లయ్య పరుగెత్తుకొచ్చి అందుకోబోతే ఇవ్వలేదు.

అంతే జరిగింది. ఒక మొండిమనిషి, ఒక రుజువు లేకుండా, ఎవరూ ఏమీ చెప్పకుండా, ఆకుల్లేని చెట్టుని ఒక పగలంతా ఊరికే చూసి మనసు మార్చుకున్నాడు. నా మాటమీద ఇది ఎవరు నమ్ముతారు? అందుకని ఒక పెచ్చు రాల్చాను.